నెగెటివ్ ఎవరి దగ్గరుంది?

ఒంటి మీద బట్టలు లేకుండా తన ఫోటో తానే తీసుకోవడం అనగానే ఇదేదో ఈ సెల్‌ఫోన్ల కాలంలో పుట్టిన వింత అనుకుంటాం. "మా రోజుల్లో ఇవన్నీ ఎరగం తల్లీ!" అని బుగ్గలు నొక్కుకుంటాం. ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఈ వింతకి ఇంచుమించు ఫోటోగ్రఫీకున్నంత వయస్సుంది. ఇంకా తమాషా ఏమిటంటే, మొట్టమొదట కెమెరా ముందు చొక్కా విప్పి తన బొమ్మ తాను తీసుకున్నట్టు మనకి తెలిసిన మనిషి ఒక మగవాడు. అతను ఆ పని సరదాకి చెయ్యలేదు, ఒళ్ళు మండి చేశాడు.

పారిస్‌లో హిప్పొలిట్ బయార్ అని ఒక గుమాస్తా ఉండేవాడు. ఆర్థికశాఖలో ఉద్యోగం. ఆఫీసు అయ్యాక కాగితాల మీద ఏవో రసాయనాలు పూసుకుంటూ, వెలుతురుతో బొమ్మలు తీసే పద్ధతి ఒకటి సొంతంగా కనిపెట్టాడు పాపం. కాని 1839లో పేరంతా డాగేర్ అనే ఇంకొకాయనకి పోయింది. ప్రభుత్వం డాగేర్‌కి ఏడాదికి 6,000 ఫ్రాంకుల పింఛను కట్టబెట్టి, బయార్ చేతిలో పరికరాలు కొనుక్కోమని 600 ఫ్రాంకులు పెట్టింది. మన గుమాస్తా ఏం చేశాడంటే, 1840లో ఒకరోజు చొక్కా విప్పేసి, నడుముకి గుడ్డ చుట్టుకుని, కళ్ళు మూసుకుని శవంలా చేరబడి కూర్చుని తన ఫోటో తానే తీసుకున్నాడు. ఆ ఫోటో వెనకాల, డాగేర్‌కి అంతా ఇచ్చి తనకేమీ ఇవ్వని ప్రభుత్వం మూలంగా తాను నీళ్ళలో పడి చచ్చిపోయాననీ, ఇది తన శవమనీ రాసి పెట్టాడు. ఆ 'శవం' నిక్షేపంగా 1887 దాకా బతికింది!

ఆ ఫోటో చూసి "ఛీ, సిగ్గులేని మనిషి" అన్నవాళ్ళు లేరు. నవ్వుకుంటారు, లేదా జాలిపడతారు. ఎందుకంటే ఆ బొమ్మ తియ్యాలనుకున్నది అతనే, చూపాలనుకున్నది అతనే, దాని వెనక ఏం రాసి ఉండాలో నిర్ణయించిందీ అతనే. ఆడదాని దగ్గరికొచ్చేసరికి ఈ మూడు పనులూ మూడు చేతుల్లోకి పోతాయి. తీసుకోవడం వేరు, ఇంకొకరికి చూపడం వేరు అన్న చిన్న సంగతి లోకం ఒప్పుకోవడానికి నూటయాభై ఏళ్ళ పైన పట్టింది. బి.ఏ.లో చరిత్ర చదువుకున్న పుణ్యానికి నాకు రాజులూ యుద్ధాలూ కొంత తెలుసు గాని, ఈ చరిత్ర తెలియదు. ఈ మధ్య పనిగట్టుకుని చదవాల్సి వచ్చింది. ఎందుకో తర్వాత చెబుతాను.

ముందు ఈ ఫోటో అనే వంట ఎలా అవుతుందో చూద్దాం. మీట నొక్కడం కూర తరుక్కోవడం లాంటిది. అసలు పని ఆ తర్వాత ఉంది. పూర్వం గాజు ప్లేటో, ఫిల్మో చీకటి గదిలో మందునీళ్ళలో కడగాలి, ఆరబెట్టాలి, ఆ నెగెటివ్ నుంచి కాగితం మీదికి అచ్చు తియ్యాలి. 1888లో అమెరికాలో కొడాక్ కెమెరా వచ్చింది. వెల 25 డాలర్లు. లోపల 100 బొమ్మలకి సరిపడా ఫిల్ము చుట్ట. వందా అయిపోగానే కెమెరాకి కెమెరా ఫ్యాక్టరీకి పంపిస్తే వాళ్ళే కడిగి, అచ్చులు తీసి, కొత్త చుట్ట పెట్టి తిరిగి పంపేవారు. ఎంత సుఖం! కాని ఆ సుఖంలో ఒక మెలిక ఉంది. మీరేం తీసుకున్నా మీకంటే ముందు చూసేది ఫ్యాక్టరీలో ఎవరో పరాయివాళ్ళు. మన ఊళ్ళలో మాత్రం? మా చిన్నప్పుడు పుట్టినరోజు ఫోటోల రీలు కడగడానికిస్తే, మా కంటే ముందు మా పుట్టినరోజు చూసేసేది స్టూడియో అబ్బాయే.

అంచేత ఆ రోజుల్లో తన ఒంటిని తానే ఫోటో తీసుకోవాలనుకున్న స్త్రీకి ధైర్యం ఒక్కటీ చాలదు. సొంతంగా ఒక చీకటి గది కావాలి. దానికి లోపలివైపు గడియ ఉండాలి.

అలాంటి గది ఉన్న పిల్ల ఇమోజెన్ కనింగ్‌హామ్. 1883లో అమెరికాలోని పోర్ట్‌లండ్‌లో పుట్టింది. కూతురి ఫోటోల పిచ్చి చూసి తండ్రి ఇంటి కట్టెల కొట్టునే ఆమెకి చీకటి గదిగా మార్చి ఇచ్చాడు. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్రం చదివింది. వృక్షశాస్త్ర శాఖవారికి స్లైడ్లు తయారుచేసి పెట్టి ఆ డబ్బుతో చదువుకుంది. 1906 ప్రాంతంలో, ఇరవై మూడేళ్ళ వయసులో, విశ్వవిద్యాలయం ఆవరణలోనే జనం లేని చోట గడ్డిలో పడుకుని తన నగ్నచిత్రం తాను తీసుకుంది. అడవి గడ్డి, ఎండ, ఒక వయసు పిల్ల ఒళ్ళు, అంతే. పిలుపూ లేదు, వయ్యారమూ లేదు. ఎవరూ తియ్యమనలేదు, ఎవరి కోసమూ తియ్యలేదు. కడిగిందీ తనే. నెగెటివ్ తన పెట్టెలోనే ఉంది.

మరి అదే ఇమోజెన్ ఇంకో నగ్నచిత్రం బయటపెట్టినప్పుడు ఏమైందో చూడండి. 1915లో రాయ్ పార్ట్‌రిడ్జ్ అనే చిత్రకారుణ్ణి పెళ్ళాడింది. ఆ ఏడే రెయినియర్ పర్వతం మీద భర్తని దిగంబరంగా నిలబెట్టి ఫోటోలు తీసింది. అవి సియాటిల్‌లో ఒక వారపత్రికలో అచ్చయ్యాయి. ఊరు ఊరంతా గొల్లుమంది. ఆడది ఫోటో తియ్యడమా, అదీ మగవాణ్ణా, అదీ మొగుణ్ణా! నీతిలేని మనిషి అని రాశారు. దానివల్ల తన వ్యాపారానికి నష్టమేమీ రాలేదని ముసలితనంలో ఆవిడ నవ్వుతూ చెప్పింది గాని, ఆ నెగెటివులు మాత్రం దాదాపు అర్ధ శతాబ్దం పాటు పెట్టెలోంచి పైకి తియ్యలేదు. తియ్యడమూ తన ఇష్టమే, చూపడమూ తన ఇష్టమే, మళ్ళీ దాచెయ్యడమూ తన ఇష్టమే. ఈ మూడో ఇష్టం సంగతి గుర్తుంచుకోండి. ఈ కాలపు పిల్లలకి లేకుండా పోయింది అదే.

ఆ రోజుల్లోనే కాలిఫోర్నియాలో ఆన్ బ్రిగ్‌మన్ అనే ఆవిడ ఉండేది. 1869లో హవాయిలో పుట్టింది. ఓడ కెప్టెన్ భార్య. ఎండాకాలం వస్తే చెల్లెల్నీ, స్నేహితురాళ్ళనీ వెంటబెట్టుకుని సియెరా నెవడా కొండలకి వెళ్ళేది. గాలివానలకి మెలితిరిగిన చెట్ల మధ్య, బండల మీద ఆ స్త్రీలు బట్టల్లేకుండా నిలబడితే ఫోటోలు తీసేది. కొన్నిట్లో నిలబడ్డది తనే. మోడువారిన పైన్ చెట్టు మొదట్లోంచి ఒక స్త్రీ చెయ్యెత్తి పైకి లేస్తున్న బొమ్మ ఒకటుంది. ఆ స్త్రీ బ్రిగ్‌మనే. 1909లో న్యూయార్కులో స్టీగ్లిట్స్ నడిపే 'కెమెరా వర్క్' పత్రికలో అది వచ్చింది. ఈవిడ చూపింది, దాచలేదు. అయితే ఒక తెలివైన పని చేసింది. నెగెటివ్ మీద పెన్సిలుతో, రంగుతో దిద్ది, ఇది ఫలానా కెప్టెన్ గారి భార్య అని ఎవరూ అనలేకుండా, చెట్టు ఆత్మ అని పేరు పెట్టింది. వనదేవతలకి కోకా రవికా ఏవని ఎవరడుగుతారు? 1910 ప్రాంతంలో భర్త నుంచి విడిపోయింది. 1913లో ఒక పత్రికవాళ్ళతో మాట్లాడుతూ, ఆడవాళ్ళని కట్టిపడేసే పెద్ద సంకెల భయమేననీ, ఆ భయానికి పునాదే లేదనీ అంది.

పునాది లేదంటే నేను పూర్తిగా ఒప్పుకోలేను. ఆ స్టీగ్లిట్స్ గారింట్లోనే రుజువుంది. 1921లో ఆయన న్యూయార్కులో పెట్టిన ప్రదర్శనలో, తర్వాత తన భార్య అయిన చిత్రకారిణి జార్జియా ఓకీఫ్ ఫోటోలు నలభైకి పైగా ఉన్నాయి. చాలావాటిల్లో ఆవిడ ఒంటి మీద బట్టల్లేవు. జనం విరగబడి చూశారు. ఆయనకి గొప్ప కళాకారుడన్న పేరు వచ్చింది. ఆవిడకి? ఆవిడ పూలు గీస్తే పూలలో కూడా ఆడదాని ఒళ్ళే కనిపిస్తోందని విమర్శకులు రాయడం మొదలుపెట్టారు. ఆవిడ కాదు మొర్రో అని జీవితమంతా మొత్తుకుంటూనే ఉంది. ఫోటోకి ఒప్పుకున్నది ఆవిడే. కాని ఒక ఫోటో గదిలోంచి గోడ మీదికి వచ్చాక దాని అర్థం చెప్పే హక్కు మాత్రం ఆవిడకి మిగల్లేదు.

మన దేశంలో ఇలాంటివి లేవా అంటే, ఒక ఇల్లుంది. పంజాబు సర్దారు ఉమ్రావ్ సింగ్ షేర్‌గిల్‌కి సంస్కృతం, యోగం, ఫోటోగ్రఫీ మూడూ వ్యసనాలే. గోచీ పెట్టుకుని, జుట్టు విరబోసుకుని, ఉపవాసాలతో చిక్కిన తన ఒంటిని తానే ఎన్నోసార్లు ఫోటో తీసుకున్నాడు. ఆయన కూతురు అమృత. పారిస్‌లో చిత్రకళ చదువుతుండగా 1934లో, తాహితీ దీవి స్త్రీలా నడుము పైన ఆచ్ఛాదన లేకుండా తన బొమ్మ తాను వేసుకుంది. అప్పటికామెకి ఇరవై ఒక్కేళ్ళు. ఒకే ఇంట్లో తండ్రి కెమెరాతో చేసిన పని కూతురు కుంచెతో చేసింది. ఈ తేడా చిన్నది కాదు. కుంచె పట్టుకున్న మనిషి ఇది నా ఊహ అని తప్పుకోవచ్చు. ఆ మాట అనడానికి కెమెరా వీలివ్వదు. ఫోటోలో పుట్టుమచ్చ ఉందంటే ఒంటి మీదా ఉన్నట్టే. బొమ్మ దొరికితే పేరు పోతుందేమో, ఫోటో దొరికితే మనిషే దొరికిపోతుంది.

మన హైదరాబాదు సంగతి ఇంకా చిత్రమైంది. ఆరవ నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫరు రాజా దీన్‌దయాళ్ 1892లో అక్కడ ఆడవాళ్ళ కోసం ప్రత్యేకంగా ఒక జనానా స్టూడియో తెరిచాడు. చుట్టూ ఎత్తయిన గోడలు. లోపల కెమెరా పట్టుకునేది మిసెస్ కెన్నీ-లెవిక్ అనే ఆంగ్లవనిత, ఆమెకి సాయం చేసేదీ ఆడవాళ్ళే. లోపలికొచ్చిన బేగములు కట్టుబట్టలతోనే, ఇంకా చెప్పాలంటే ఒంటి నిండా నగలతో దిగారు. మరి అన్ని గోడలెందుకు? పరదాలో ఉండే స్త్రీకి ముఖం కనపడటమే నగ్నత్వం గనక. ఏది దాచాలో గీత ప్రతి కాలంలోనూ ఒక్కో చోట గీస్తారు. కన్ను ఎవరిదన్న ప్రశ్న మాత్రం ఒక్కటే. ఆ సంగతి పసిగట్టాడు గనకనే దీన్‌దయాళ్ ఆ గోడలు కట్టించాడు.

మీరు నవ్వనంటే ఒకటి చెబుతాను. నిండా పట్టుచీర కట్టుకుని, జడలో పూలు పెట్టుకుని తీయించుకున్న ఫోటో కూడా ఒక్కోసారి మన చేతిలోది కాదు. మా పెద్దమ్మ కూతురికి సంబంధాలు చూసే రోజుల్లో స్టూడియోలో నిలువెత్తు ఫోటో తీయించి పదకొండు కాపీలు వేయించారు. పదకొండు ఇళ్ళకి వెళ్ళాయి. తొమ్మిదే తిరిగొచ్చాయి. మిగిలిన రెండూ ఏ ఇంటి బీరువాలో, ఏ చొక్కా జేబులో ఉండిపోయాయో ఎవరికీ తెలియదు. అక్కకిప్పుడు మనవరాలు. "ఆ రెండు ఫోటోల్లో నేనింకా పద్ధెనిమిదేళ్ళ పిల్లనేనే, ఎవరింట్లోనో కూచుని ఉన్నాను" అంటుంది. తియ్యమన్నది ఆమె కాదు, పంపమన్నదీ ఆమె కాదు. అప్పుడెవరికీ అది తప్పుగా తోచలేదు. సంప్రదాయంగా చీర కట్టుకున్న ఫోటో విషయంలోనే ఆడపిల్లని అడగని ఇళ్ళు, ఆమె తనంతట తాను తీసుకున్న ఫోటో అనేసరికి ఉలిక్కిపడటం వింతేమీ కాదు.

ఇక నేనెందుకు ఇదంతా చదివానో చెబుతాను.

నాకు కాలేజీ నాటి స్నేహితురాలు ఒకతె ఉంది. ఇద్దరు పిల్లల తల్లి. కిందటేడు రొమ్ము క్యాన్సరని తేలింది, ఆపరేషనుకి రోజు పెట్టారు. వారం ముందు నన్ను పిలిచి, కాఫీ ఇచ్చి, తలుపు దగ్గరగా వేసి అడిగింది: "ఏమే, ఒక్క ఫోటో తీసుకుందామనుకుంటున్నా. ఆపరేషనుకి ముందొకటి, తర్వాతొకటి. నేనే తీసుకుంటాను. తప్పంటావా?"

నాకు వెంటనే జవాబు తట్టలేదు. నవలల్లో ఎన్ని ఆపరేషన్లు చేయించానో! "ఎవరికి చూపించడానికే?" అన్నాను.

"అదే తెలీదు. నా పిల్లలు తాగిన పాలు, నా ఒళ్ళు, నేనెప్పుడూ సరిగ్గా చూసుకోనేలేదే. పోయేముందు ఒక్కసారి చూసుకోవాలనుంది. తర్వాత, నాలాంటి ఇంకొకావిడకి ఎవరికైనా చూపిస్తే, ఇంతేనా అని ధైర్యం వస్తుందేమో."

అప్పుడు మొదలుపెట్టాను చదవడం. నా స్నేహితురాలి లాంటి ఆలోచన వచ్చిన వాళ్ళు అంతకు ముందే ఉన్నారు. ఇంగ్లండులో జో స్పెన్స్ అని, 1934లో పుట్టిన ఆవిడ, పెళ్ళి ఫోటోలు తీసి బతికిన మనిషి. 1982లో ఆమెకి ఇదే జబ్బు వచ్చింది. మొత్తం తీసెయ్యాలన్న డాక్టర్ల మాట ఒప్పుకోకుండా గడ్డవరకే తియ్యమంది. ఆసుపత్రికి వెళ్ళేముందు, ఆ రొమ్ము మీద ఇది జో స్పెన్స్ ఆస్తేనా అని అర్థం వచ్చేలా రాసుకుని, చివర ఒక ప్రశ్నార్థకం పెట్టి, సహచరుడు టెర్రీ డెన్నెట్ సాయంతో ఫోటో తీసుకుంది. ఆ తర్వాత వైద్యం సాగినన్నాళ్ళూ తీసుకున్న ఫోటోలు ప్రదర్శనకి పెట్టింది. ఆవిడ 1992లో పోయింది. నన్ను పట్టుకున్నది ఆ ప్రశ్నార్థకం. ఆస్తి తనదే అయితే అడగాల్సిన పనేముంది? డాక్టరుదా, భర్తదా, పిల్లలదా, తనదా అన్న అనుమానం ఎప్పటినుంచో ఉందన్నమాట. ఆ ఫోటో ఆ అనుమానాన్ని పైకి చెప్పింది.

1993 ఆగస్టు 15న న్యూయార్క్ టైమ్స్ ఆదివారం పత్రిక అట్ట మీద మటుష్క అనే చిత్రకారిణి తాను తీసుకున్న సొంత ఫోటో వచ్చింది. తెల్లటి గౌను, ఒక పక్క గుడ్డ కత్తిరించి ఉంది, అక్కడ రొమ్ము లేదు, మచ్చ ఉంది. లక్షల ఇళ్ళలోకి ఉదయం కాఫీతో పాటు వచ్చి పడింది. ఉత్తరాలు వెల్లువెత్తాయి. కొందరు అసహ్యమన్నారు, ఎంతోమంది ఆడవాళ్ళు మాత్రం మొదటిసారి తమని తాము అట్ట మీద చూసుకున్నట్టుందన్నారు. మొదట చెప్పుకున్న బయార్ లాగే మటుష్క కూడా తానే తీసింది, తానే చూపింది.

ఇవన్నీ చెబితే నా స్నేహితురాలు శ్రద్ధగా వింది. "వాళ్ళు కళాకారులే. నాది సెల్‌ఫోను" అంది. నిజమే. ఇక్కడే పాత చరిత్రకీ మనకీ తేడా. 1948లో పోలరాయిడ్ కెమెరా వచ్చినప్పుడు, నిమిషంలో బొమ్మ చేతికొచ్చేది, ఏ స్టూడియో అబ్బాయీ చూడనక్కర్లేదు, ఉన్నది ఒకే ఒక్క ప్రతి. చింపేస్తే పోయినట్టే. ఆడదానికి దొరికిన మొదటి గడియ ఉన్న పెట్టె అదే అనుకోవచ్చు. సెల్‌ఫోను కూడా అలాంటి పెట్టెలాగే కనిపిస్తుంది, కాని దాని వెనక గోడ లేదు. మనం ఒక ఫోటో తీస్తే మనకి తెలియకుండానే అది ఎక్కడో దూరాన ఉన్న కంప్యూటర్లలో ఇంకో ప్రతి అయి కూర్చుంటుంది. 2014లో హాలీవుడ్ నటీమణులు ఎంతోమంది తమ కోసమో, తమవాళ్ళ కోసమో తీసుకున్న ఫోటోలు అలాంటి చోట్లనుంచే దొంగలు లాగి లోకమంతా పంచిపెట్టారు. "తీసుకోవడం దేనికి, ఏడవడం దేనికి?" అన్నవాళ్ళు మన దగ్గరా ఉన్నారు. నటి జెనిఫర్ లారెన్స్ మాత్రం క్షమాపణ చెప్పుకోవాల్సిన తప్పేదీ తాను చెయ్యలేదనీ, చూసినవాళ్ళు సిగ్గుపడాలనీ గట్టిగా చెప్పింది. దొంగ బీరువా పగలగొడితే, నగలెందుకు చేయించుకున్నావని అడుగుతామా?

చట్టం ఈ సంగతి ఆలస్యంగానైనా నేర్చుకుంది. ఢిల్లీ ఘోరం తర్వాత 2013లో మన శిక్షాస్మృతిలో 354-సి అని ఒక సెక్షను చేర్చారు. 2024 జులై 1 నుంచి అది భారతీయ న్యాయ సంహితలో 77వ సెక్షను. ఏకాంతంలో ఉన్న స్త్రీని చూడటం, ఫోటో తియ్యడం, దాన్ని పంచిపెట్టడం నేరం. మొదటిసారైతే ఏడాది నుంచి మూడేళ్ళు జైలు. దానికింద ఒక వివరణ ఉంది. అది చదివినప్పుడు నాకు ఇమోజెన్ పెట్టె గుర్తొచ్చింది. ఫోటో తియ్యడానికి స్త్రీ ఒప్పుకున్నా, ఇతరులకి పంచడానికి ఒప్పుకోకపోతే, పంచడం నేరమే అని ఆ వివరణ. తియ్యడం వేరు, చూపడం వేరు. అంత చిన్న సంగతి! ఐ.టి. చట్టంలోని 66-ఇ సెక్షను కూడా ఒకరి రహస్యాంగాల బొమ్మని వారి అనుమతి లేకుండా పంపడాన్ని నేరమంటుంది.

జర్మనీ ఇంకొక అడుగు వేసింది. 2015లో అక్కడి పై కోర్టు, విడిపోయిన జంట కేసులో, ఆ ప్రియుడి దగ్గరున్న ఆవిడ ఆంతరంగిక ఫోటోలన్నీ చెరిపెయ్యాలని తీర్పు చెప్పింది. అతను ఎవరికీ చూపలేదు, చూపుతానని బెదిరించనూ లేదు. అయినా సరే, ఆవిడ ఒప్పుకున్నది ఆ ప్రేమ ఉన్నంతవరకే, ప్రేమ పోయాక ఆ బొమ్మల మీద అతనికి అధికారం లేదంది. ఇమోజెన్ మూడో ఇష్టాన్ని, అదే, వెనక్కి తీసుకుని దాచుకునే ఇష్టాన్ని ఒక కోర్టు గుర్తించిందన్నమాట.

అయితే ఇంకో పక్క కూడా చెప్పాలి. మనిష్టంతో మనమే లోకానికి చూపిస్తే చట్టం ఊరుకుంటుందా? అశ్లీలమని ఎవరైనా ఫిర్యాదు చేస్తే కేసు పెట్టడానికి సెక్షన్లున్నాయి. నగ్నంగా ఉన్నంతమాత్రాన బొమ్మ అశ్లీలం కాదని, టెన్నిస్ ఆటగాడు బోరిస్ బెకర్, అతనికి కాబోయే భార్య దిగిన ఫోటో కేసులో సుప్రీంకోర్టు 2014లో చెప్పింది. కాని ఆ ఫోటో మన పత్రికల్లో వచ్చింది 1993లో! ఇరవై ఏళ్ళు కోర్టు మెట్లెక్కే ఓపిక పెద్ద పత్రికకి ఉంటుంది. మన వీధిలో ఉండే అమ్మాయికి ఉండదు. అంచేత ధైర్యంగా పంచుకోమని నేనెవరికీ చెప్పను. తీసుకోవద్దని చెప్పడానికి మాత్రం ఈ చరిత్ర చదివాక నాకు నోరు రావడం లేదు. కూతుళ్ళకి "అలాంటివి చెయ్యకు" అని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటే, రేపు ఏ దౌర్భాగ్యుడో ఫోటో పెట్టుకుని బెదిరించినప్పుడు ఆ పిల్ల మన దగ్గరికి రాదు. మనం కోప్పడతామని నూతిని వెతుక్కుంటుంది. "ఏం జరిగినా ముందు నా దగ్గరికి రా, తప్పు పంచినవాడిదే" అన్న రెండో ముక్క కూడా చెప్పాలి. మొదటి ముక్క కంటే అదే ముఖ్యం.

నా స్నేహితురాలు తీసుకుంది. ఫోనుతో వద్దనుకుని, వాళ్ళాయన పాత డిజిటల్ కెమెరా, ఏ తీగా ఏ గాలీ తగలనిది, అటకమీంచి దించి దుమ్ము తుడుచుకుంది. స్టాండు లేదు, బియ్యం డబ్బా మీద పెట్టి పది సెకన్ల మీట నొక్కిందట. పది సెకన్లూ పరుగెత్తుకెళ్ళి నిలబడటానికే సరిపోయి మొదటి రెండు ఫోటోల్లో బీరువా మాత్రమే పడిందట! మూడోది కుదిరింది. నెలన్నర తర్వాత రెండోసారి తీసుకుంది. కార్డు తీసి, పెళ్ళినాటి పట్టుచీర మడతలో పెట్టింది.

"ఎలా ఉంది?" అన్నాను.

"రెండోదాంట్లో మొహం బాగుందే" అంది.

నాకు చూపించలేదు. నేనూ అడగలేదు. తనలాగే ఆపరేషనుకి భయపడుతూ ఏడుస్తున్న ఒకావిడకి ఆసుపత్రిలో పరిచయమై, ఇంటికి పిలిచి, తలుపేసి, కెమెరా వెనకున్న చిన్న తెర మీద చూపించిందని మాత్రం ఈ మధ్య చెప్పింది. చూపించి, కార్డు తీసి మళ్ళీ చీర మడతలో పెట్టేసిందట.